నవలలో చోటును చదవడం – 3వ పాఠం: పక్కిల్లు

బెంగాలీ రచయిత శరత్ నవల ‘దేవదాసు’ (1917)లో కథను మలుపు తిప్పిన చోటు ఒకటి ఎంచుకుని రాయమని కిందటిసారి అడిగాను. ఎక్కువమంది ఒకే చోటు రాశారు: చివర్లో దేవదాసు పార్వతి అత్తవారింటి బయట చనిపోయినప్పుడు మూసుకుపోతున్న పెద్ద గేటు, దాని వైపు పరుగెత్తే పార్వతి.

అది సినిమా. ఈ పొరపాటు నాకు మహా చిరాకు, అందుకే ఇక్కడ కాసేపు ఆగుతాను. నవలలో పార్వతికి సంగతి తెలిసేసరికే దేవదాసు శవాన్ని తీసుకుపోయారు. ఆమె పరుగెత్తుతుంది, నౌకర్లు ఆపుతారు, స్పృహ తప్పుతుంది. గేటు మూసే పని ఎవరికీ లేదు. తెర మీద అడ్డంకి కంటికి కనబడాలి కాబట్టి గేటు కావాల్సి వచ్చింది. నవలలో అడ్డంకి ఆ ఇల్లు కట్టిన తీరులోనే ఉంది. అతను రాత్రి వచ్చి బయట రావిచెట్టు కింద పడిపోయాడు. ఆమె లోపల ఆడవాళ్ల భాగంలో ఉంది. వాకిట్లో ఏం జరిగిందో అక్కడికి చేరేది ఆలస్యంగా, అదీ ఎవరో చెబితేనే. గేటు పెడితే అత్తవారు విలన్లవుతారు. లోగిలే అడ్డమైతే విలన్ లేడు, అయినా ఆమెకు తెలియలేదు. నాకు రెండోదే భయంకరం.

ఇక అసలు పాఠం. పక్కపక్క ఇళ్లు కాబట్టి ప్రేమ పుట్టిందని అందరూ రాశారు, సరే. మరి పెళ్లి ఎందుకు చెడింది? పార్వతిది పిల్లకు డబ్బు పుచ్చుకుని పెళ్లి చేసే కుటుంబం అన్నది ఒక కారణం. రెండోదాన్ని దాదాపు ఎవరూ పట్టుకోలేదు: గోడ పక్కనే వియ్యంకులా, ఛీ! అని దేవదాసు ఇంట్లో వాళ్లు ఈసడించుకుంటారు. పెంచిన చోటే విడగొట్టింది. నడిరాత్రి ఆమె ఒంటరిగా అతని గదికి వెళ్లగలిగిందీ పక్కిల్లు కాబట్టే. ఎవరైనా చూశారేమోనని అతను హడలిపోయిందీ అందుకే.

చెరువు గట్టు, గాలపు కర్రతో పార్వతి నుదుటి మీద దేవదాసు కొట్టిన దెబ్బ మీకు తెలిసినవే, వదిలేస్తున్నా. కలకత్తా కూడా ఇప్పుడు వద్దు.

దేవదాసు చివరి ప్రయాణం చూడండి. పాండువాలో రైలు దిగి, ఎడ్లబండిలో పార్వతి అత్తవారి ఊరు హాతీపోతాకు. ఇంకెంత దూరమని బండివాణ్ణి అడుగుతూనే ఉంటాడు. ఒకప్పుడు గోడ దాటితే చాలిన దూరం అది.

నా పద్ధతి ఒక్కటే: చోటు మార్చి చూడటం. పార్వతి ఇల్లు ఊరి రెండో చివర పెడితే ఏ సంఘటన నిలబడుతుంది, ఏది కూలుతుంది? దిగులు, వెన్నెల లాంటి వర్ణనల జోలికి నేను పోను. ఇష్టమున్నవాళ్లు పోవచ్చు.

అభ్యాసం: సినిమాను పూర్తిగా పక్కనపెట్టి నవల మళ్లీ మొదటినుంచి చదవండి. ఇద్దరూ కలిసిన ప్రతి చోటునూ పెన్సిల్‌తో పటం మీద గుర్తించి, అక్కడ వాళ్లను ఎవరు చూడగలరో పక్కన రాయండి. పెన్ను వద్దు, చాలాసార్లు చెరపాల్సి వస్తుంది.