పుంజు ఈకతో పండుగప్ప గాలం: స్ట్రీమర్ కట్టడం, విసరడం

పండుగప్ప ఎరను కొరికి తినదు. నోరు ఒక్కసారిగా తెరుస్తుంది, ఆ గుంజుడికి నీటితో పాటు పరిగె కూడా లోపలికి పోతుంది. ఎర బరువుగా, బిగుసుకుని ఉంటే నీళ్లు లోపలికి పోయినా ఎర పెదవి దగ్గరే ఆగిపోతుంది. ఈకలతో కట్టిన స్ట్రీమర్ తేలిగ్గా జారిపోతుంది. లాగడం ఆపినా దాని తోక కదులుతూనే ఉంటుంది. ఈ గుణం పోకుండా కట్టడమే పని. చాలామంది సరుకు ఎక్కువ వేసి దీన్నే పోగొట్టుకుంటారు.

స్ట్రీమర్ అంటే చిన్న చేపలా కనిపించేలా గాలానికి ఈకలు, వెంట్రుకలు కట్టిన ఎర. అమెరికాలో లెఫ్టీ క్రే కట్టిన డిసీవర్, బాబ్ క్లౌజర్ కట్టిన మిన్నో దీంట్లో పేరున్న రెండు రకాలు. డిసీవర్‌కు ఈకల తోక, క్లౌజర్‌కు బరువు కళ్ళు. ఇక్కడ చెప్పేది ఆ రెండూ కలిపింది.

ముందు సరుకు. ఉప్పునీటికి పనికొచ్చే 1/0 లేదా 2/0 సైజు గాలం కావాలి. దారానికి ఎక్కడికీ పోనక్కర్లేదు: వలలు అల్లే నైలాన్ తాడు పురి విప్పితే సన్నటి పోగులొస్తాయి. వల దారం మీద కనిపించే 210 డెనియర్ అన్న అంకె ఆ ఒక్క పోగుదే, స్ట్రీమర్లు కట్టేవాళ్ళు వాడేదీ అదే లావు. తేనెమైనం రాస్తే జారదు. కళ్ళకు స్టీలు పూసల గొలుసులోంచి 4–5 మి.మీ. పూసలు రెండు, మధ్య కడ్డీ ఊడకుండా జంటగా కత్తిరించుకోవాలి. మెరుపుకు జరీ పోగులు ఆరు. వెంట్రుకలకు మేకపోతు గడ్డం, లేదా నైలాన్ సవరం. విదేశీ వీడియోల్లో జింక తోక వాడతారు గానీ మన దగ్గర ఆ ఊసే వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన జింకల, దుప్పుల వెంట్రుకలు దగ్గరుంచుకోవడం నేరం.

ఇక ఈకలు. కోడిపందేల సీమలో వీటికి కరువేమిటి! నాటు పుంజు మెడ మీదవి, నడుము పక్కన వేలాడేవి 8–10 సెం.మీ. ఉన్నవి ఏరుకోండి. బ్రాయిలర్ ఈక పొట్టిది, పనికిరాదు. సబ్బునీళ్లలో ఉతికి నీడన ఆరబెట్టి, నాఫ్తలీన్ ఉండ వేసి డబ్బాలో పెట్టాలి, లేదంటే పురుగు పడుతుంది. బురద నీటికి కాకి (నల్లది), తేట నీటికి సేతువు (తెల్లది). బరిలో ఏ రంగు గెలిచినా గాలానికి ఈ రెండూ చాలు.

గాలాన్ని వైజుకి (కదలకుండా పట్టి ఉంచే బిగింపు) బిగించి, కాడ మీద కన్ను (లైను దూర్చే రంధ్రం) నుంచి వంపు దాకా దారం దగ్గర దగ్గరగా చుట్టి వెనక్కి రండి. ఉత్త కాడ మీద కడితే అంతా గుండ్రంగా తిరిగిపోతుంది. పూసల జంటను గాలం కన్ను నుంచి కాడలో మూడో వంతు వెనక, మొనకు ఎదురు వైపు పెట్టి, ఎనిమిది అంకె ఆకారంలో పది పన్నెండు చుట్లు వేయండి. తర్వాత పూసలకీ కాడకీ మధ్య దారాన్ని అడ్డంగా నాలుగైదు సార్లు తిప్పి లాగితే వదులు చుట్లన్నీ బిగుస్తాయి. పైన ఒక చుక్క ఫెవిక్విక్. కొత్తవాళ్ళు పూసల్ని కన్ను పక్కనే కట్టేస్తారు, ఆ తర్వాత వెంట్రుకలు కట్టడానికి చోటుండదు, ముడి కన్ను మీదికి ఎక్కి దారం దూరదు.

తోకకు నాలుగు ఈకలు, పక్కకు రెండేసి. మొదట్లో ఉన్న నూగు పీకేసి, ఈనెను గోటితో చదును చేయండి, కట్టేటప్పుడు పక్కకు తిరగదు. లోవంపులు ఒకదానికొకటి ఎదురుగా, దోసిలి ముడిచినట్టు ఉండాలి. వంపులు బయటికి పెడితే కప్ప కాళ్ళలా విచ్చుకుంటాయి. అది కొరమీనుకు నప్పుతుంది, పండుగప్పకు వద్దు. ఈకలు గాలం వంపు దాటి కాడకు రెండింతలకు మించి పోకూడదు. మించితే విసిరిన ప్రతిసారీ తోక వంపుకు చుట్టుకుంటుంది, చుట్టుకున్న ఎర గిరగిరా తిరుగుతూ వస్తుంది. చేప దాని వంక చూడదు, మీకేమో దూరం నుంచి తెలియదు. అందుకే ఈకలు కట్టకముందే అదే చోట పది పన్నెండు బిరుసు వెంట్రుకలు వేస్తే తోకకు ఆసరా ఉంటుంది.

గాలాన్ని తిరగేసి, మొన వైపున పూసల ముందు వెంట్రుకల కట్ట కట్టండి. వేళ్ళతో నొక్కితే రెండు అగ్గిపుల్లల లావుండాలి, అంతకు మించొద్దు. అడుగున ఉన్న పొట్టి నూగు దువ్వెనతో తీసేయండి. పైన జరీ పోగులు. కొసలు కత్తెరతో ఎప్పుడూ సమం చేయకండి, చీపురు కట్టలా తయారవుతుంది. సవరమైతే కొసల్ని వేళ్ళతో కొంచెం కొంచెంగా లాగి ఎగుడుదిగుడు చేసుకోవాలి. చివర ముడి వేసి, రంగులేని నెయిల్ పాలిష్ రెండు పూతలు పూయండి.

ఇప్పుడు నీళ్ల గోళెంలో వేసి చూడండి. పొడిగా బొద్దుగా కనిపించింది తడిశాక సన్నటి పరిగెలా అవ్వాలి. తల దించుకుని, మొన పైకి పెట్టి మునగాలి. పక్కకు ఒరిగితే పూసలు వంకర, మొన కిందికే ఉంటే పూసల బరువు చాలలేదు. మునగకుండా వేలాడితే వెంట్రుకలు ఎక్కువ. సగం పీకేయండి, మొహమాటపడకండి.

కర్ర 9 అడుగుల ఫ్లై కర్ర, 8 లేదా 9 నంబరు (అది విసిరే లైను బరువును చెప్పే అంకె). ఏటి పాయల్లో నెమ్మదిగా మునిగే లైను, చెరువులకు తేలేది. మునిగే లైనుకు లీడరు (లైనుకీ ఎరకీ మధ్య కట్టే సన్నటి దారం) 5 అడుగులు చాలు. పొడుగైతే లైను కిందికి పోయినా ఎర పైనే ఉండిపోతుంది. చివర 40 పౌండ్ల ఫ్లోరోకార్బన్ ఒక మూరెడు కట్టండి, ఎందుకంటే పండుగప్ప చెంపరేకు అంచు కత్తిలా ఉంటుంది. ఎరకు బిగి ముడి కాకుండా, బిగుసుకోని ఉచ్చు ముడి వేస్తేనే తల ఊగుతుంది.

చేప ఎక్కడుంటుందో పాటు (పోటు తర్వాత నీరు వెనక్కి తీయడం) చెబుతుంది. పోటుకు నీళ్లు మడచెట్ల వేళ్ళలోకి ఎక్కినప్పుడు పరిగెలు, రొయ్యలు వాటితో పాటు లోపలికి పోతాయి. పాటు మొదలయ్యాక అవన్నీ సన్నటి కాలువల నోళ్ళ గుండా పెద్ద పాయలోకి రావాల్సిందే. ఆ నోటి దగ్గర, జోరు నీరూ నిలవ నీరూ కలిసే గీత మీద పండుగప్ప కాపు కాస్తుంది. గౌతమి, వైనతేయ పాయల్లో ఎక్కడైనా ముందు ఆ గీతే వెతకాలి. అమావాస్య, పౌర్ణమి పోట్లు పెద్దవి, నీటి జోరు ఎక్కువ. అష్టమి దగ్గర నీరు మందకొడిగా ఉంటుంది. వరద రోజుల్లో ఎర్రనీరు దిగితే ఆ పూట వదిలేయడం మేలు. కోరింగ అభయారణ్యం లోపల మాత్రం గాలం వేయకండి.

గీతకు రెండు గజాలు ఎగువన విసిరి, మునగనిచ్చి, అడుగు చొప్పున రెండు సార్లు లాగి ఆపండి. ఒకటి, రెండు లెక్కపెట్టి మళ్ళీ లాగండి. ఆపినప్పుడు తల దించుకుంటుంది చూడండి, అప్పుడే పట్టేది. పట్టిందనిపించగానే కర్ర ఎత్తడం మనకు చిన్నప్పటి గాలం నేర్పిన అలవాటు, ఇక్కడ అదే చెరుపు. ఎత్తితే కర్ర వంగి బలమంతా తనే మింగేస్తుంది, ఎర నోట్లోంచి జారిపోతుంది. కర్ర మొన నీటి వైపే ఉంచి, ఎడమచేత్తో లైనును అరగజం గట్టిగా గుంజండి. తప్పినా ఎర అక్కడే ఉంటుంది, చేప మళ్ళీ తిరగొచ్చు.

పండుగప్పలు చాలామటుకు మగవిగా ఎదిగి, పెద్దయ్యాక ఆడవవుతాయి. అంటే బాగా పెద్దది దొరికితే అది గుడ్లు పెట్టే తల్లే కావచ్చు, నీళ్లలోనే ముల్లు తీసి వదిలేయండి. ఎదురుముల్లును ముందే పటకారుతో నొక్కేసి ఉంచితే ఈ పని క్షణంలో అయిపోతుంది.

కొరమీనుకు ఇదే ఎర, పూసలు లేకుండా. గుర్రపుడెక్కలో చిక్కుకోకుండా 30 పౌండ్ల మోనో ముక్కను వంపు దగ్గర కట్టి, మొన ముందుగా తిప్పి తల దగ్గర ముడేయాలి. కొరమీను గాలి పీల్చడానికి పైకొస్తుంది. ఆ బుడగ లేచిన చోటుకు గజం అవతల విసిరి, దాని మీదుగా తీసుకురండి. ఎర్రటి పిల్లల గుంపు ఒకచోట మరుగుతున్నట్టు కనిపిస్తే తల్లీతండ్రీ కాపలా ఉన్నట్టే. అక్కడ వేయొద్దు, పిల్లలన్నీ మిగతా చేపల పాలవుతాయి. చెరువు లీజుకున్నాయన్ని అడక్కుండా గట్టు దిగడమూ వద్దు.

ఇంటికొచ్చాక స్ట్రీమర్లను మంచినీళ్లలో జాడించి, రాత్రంతా ఆరనిచ్చి డబ్బాలో పెట్టండి. ఉప్పు తడితో ఒక్కటి లోపలికి పోయినా డబ్బాలో ఉన్న గాలాలన్నిటికీ తుప్పు పడుతుంది.