క్లింట్ ఈస్ట్‌వుడ్ సినిమాలు ఏ వరుసలో చూడాలి?

ఈ హాలీవుడ్ పెద్దాయనంటే నాకు పిచ్చి, ముందే చెప్పేస్తున్నా. కొత్తగా చూసేవాళ్లు 1966 నాటి 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ'తో మొదలుపెట్టండి, కానీ ఫోన్లో మాత్రం వద్దు, ఎందుకంటే చివర్లో శ్మశానంలో ముగ్గురూ నిలబడి ఒకళ్లనొకళ్లు చూసుకుంటారు, కళ్లు, తుపాకీ దగ్గర చెయ్యి, మళ్లీ కళ్లు, నిమిషాల తరబడి మాటే ఉండదు, చిన్న స్క్రీన్‌లో అదంతా తేలిపోతుంది. పెదాలకీ మాటలకీ కుదరకపోతే టీవీ పాడైందని టెన్షన్ పడకండి, షూటింగ్ అయ్యాక డబ్బింగ్ చెప్పేవారు.

ఆ తర్వాత 'డర్టీ హ్యారీ' (1971). ఒక్కసారి చాలు.

'అన్‌ఫర్గివెన్' (1992) మాత్రం ఆఖరికి దాచుకోండి. అందులో ఆయన గుర్రం ఎక్కలేక కిందపడతాడు. పాత సినిమాల్లో ఆ మనిషి ఠీవి చూసి ఉంటేనే ఆ కిందపడటం గుండెకి తగులుతుంది, లేకపోతే ఎవరో ముసలాయన పడ్డాడంతే అనిపిస్తుంది. డైరెక్టర్‌గా మొదటి ఆస్కార్ దీనికే.

మధ్యలో మన కృష్ణగారి 'మోసగాళ్ళకు మోసగాడు' (1971) వేసుకోండి, ఆ కౌబాయ్ టోపీ, ఆ గుర్రాల గాలి మనదాకా ఎలా వచ్చిందో తెలుస్తుంది. అన్నట్టు ఇద్దరి పుట్టినరోజూ మే 31నే!