క్రాఫ్టింగ్ పల్లెకు వచ్చిన కొత్తవారి కథ రాయడం ఎలా?

స్కాట్లండ్‌లోని క్రాఫ్టింగ్ పల్లెకు, అంటే చిన్న కౌలు కమతాల మీద బతికే గేలిక్ భాషీయుల ఊరికి, కొత్తవారు వచ్చే చారిత్రక కథ రాయదలచినవారు ముందుగా సంవత్సరాన్ని నిర్ణయించుకోవాలి. 1886 నాటి క్రాఫ్టర్ల చట్టం చిన్న కౌలుదారులకు భూమిపై స్థిరమైన హక్కును కల్పించింది కనుక, అంతకుముందు ఊరు కొత్త మనిషిని చూసే చూపు వేరు, ఆ తరువాత చూసే చూపు వేరు. స్కై దీవిలోని బ్రేస్ రైతులు మేత భూమి కోసం పోలీసులతో తలపడిన 1882లో కథ నడిపితే, భూస్వామి ఎస్టేటు గుమాస్తాకు పలకరింపు కూడా దొరకకపోవచ్చు.

పరాయితనాన్ని మాటల్లో చెప్పడం కంటే పనిలో చూపించడం మేలు. అందుకు నా దృష్టిలో పీట్ (పొయ్యిలో కాల్చే బురదనేల మట్టి) కోతను మించిన సందర్భం లేదు. వసంతం చివర తడినేలను ప్రత్యేకమైన పారతో ఇటుక ఆకారపు గడ్డలుగా కోసి, పరచి, కొంత ఆరాక నిలబెట్టి, పూర్తిగా ఎండిన తరువాత చలికాలపు పొయ్యి కోసం ఇంటికి చేరుస్తారు. ఒకరు కోస్తుంటే మరొకరు గడ్డను అందుకుని గట్టు మీదికి విసరాలి. ఆ లయ తెలియని కొత్త కోడలి చేతిలో గడ్డ విరిగినప్పుడు, ఎవరూ ఏమీ అనకుండా ఇంకొకరు వచ్చి ఆమె చోట నిలబడితే చాలు.

1872 విద్యా చట్టం గేలిక్‌కు చోటివ్వలేదు, బడిలో ఇంగ్లీషే నేర్పేవారు కనుక, కొత్తవారికీ ఊరివారికీ మధ్య బడిపిల్లలను దుబాసీలుగా వాడుకోవచ్చు. లూయిస్ వంటి, ఆదివారపు విశ్రాంతిని కఠినంగా పాటించే ప్రెస్బిటేరియన్ (ప్రొటెస్టంట్ క్రైస్తవ శాఖ) దీవిలో మాత్రం ఆదివారం ఎవరి చేతా పొలం పని చేయించకండి.