ఊరి కాలువ సంగతి అసెంబ్లీలో అడిగించాలంటే

సమావేశాలు మొదలయ్యాక ఎమ్మెల్యే ఇంటికి ఉరికితే లాభం లేదు. ప్రశ్నకు ఎమ్మెల్యే ముందే రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, శాఖ జవాబు తయారుచేయడానికి రోజులు పడతాయి. తేదీలు ఖరారు కాకముందే మీ ప్రశ్న కాగితం ఆయన పీఏ చేతిలో ఉండాలి.

నార్కట్‌పల్లి దగ్గర బ్రాహ్మణవెల్లెంల ఎత్తిపోతల కాలువ అనుకోండి. ‘మా ఊరికి అన్యాయం జరిగింది’ అని రాస్తే అది ఫిర్యాదే, ప్రశ్న కాదు. ఇలా రాయండి: ‘నీటిపారుదల శాఖ మంత్రి దయచేసి తెలియజేస్తారా: (అ) ఫలానా డిస్ట్రిబ్యూటరీకి (పిల్లకాలువకు) ఇంకా ఎన్ని ఎకరాలు సేకరించాలి? (ఆ) పరిహారం బకాయి ఎంత? (ఇ) ఎప్పటిలోగా చెల్లిస్తారు?’ రోడ్డు, కరెంటు అందులో కలపొద్దు. కోర్టులో నలుగుతున్న సర్వే నంబర్లుంటే ఆ ముక్క తీసేయండి, లేకుంటే ప్రశ్నే తిరిగొస్తుంది.

నక్షత్ర గుర్తు ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబిస్తారు, అనుబంధ ప్రశ్నలూ వేయొచ్చు. కానీ జాబితాలో కింద ఉంటే ప్రశ్నోత్తరాల సమయం అయిపోతుంది, రాతజవాబే మిగులుతుంది. లెక్కలే కావాలంటే రాతజవాబు మాత్రమే వచ్చే, గుర్తు లేని ప్రశ్నే నయం.

ఎమ్మెల్యేలు అత్యవసర సమస్యలు లేవనెత్తే జీరో అవర్ టీవీలో బాగుంటుంది. మంత్రి అక్కడికక్కడే జవాబివ్వాలని లేదు, ‘నోట్ చేసుకున్నాం’తో సరి.

జవాబు ప్రతి తెచ్చుకుని ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) దగ్గరున్న లెక్కలతో పోల్చండి. ‘చేస్తాం’ అని మంత్రి సభలో అన్నారంటే అది హామీ; నెరవేరకపోతే ప్రభుత్వ హామీల కమిటీకి ఎమ్మెల్యేతోనే రాయించాలి.