సైటు లైవ్ చేసే ముందు: మీ పీహెచ్‌పీ కోడ్ జాగ్రత్త

దసరా ఆఫర్లకని కర్నూలు, అనంతపురం షాపులు సైట్లు పెట్టించుకునే రోజులివి. సైటును సర్వర్‌లో నడిపే పీహెచ్‌పీ కోడ్ అప్‌లోడ్‌కు ముందు ఇవి చూసుకోండి.

డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న ఫైలు బ్రౌజర్‌కు అందే పబ్లిక్ హెచ్‌టీఎంఎల్ ఫోల్డర్‌కు బయటే ఉంచండి. సర్వర్‌లో పీహెచ్‌పీ సెట్టింగ్ చెడిందంటే కోడ్ నడవదు, మామూలు టెక్స్ట్‌లా బ్రౌజర్‌లో కనబడుతుంది. పాస్‌వర్డ్‌తో సహా.

‘కాన్ఫిగ్ డాట్ పీహెచ్‌పీ డాట్ ఓల్డ్’ లాంటి కాపీలు తీసేయండి. చివర ‘ఓల్డ్’ ఉంటే చాలా సర్వర్లు దాన్ని నడపవు, అడిగినవాళ్ల చేతిలో పెట్టేస్తాయి.

కోడ్ మార్పుల హిస్టరీ ఉండే డాట్ గిట్ ఫోల్డర్ ఎక్కించొద్దు. ఎప్పుడో తీసేశామనుకున్న పాస్‌వర్డ్ కూడా ఆ హిస్టరీలో ఉంటుంది. ఇప్పటికే ఎక్కించి ఉంటే, ఫోల్డర్ తీసేస్తే సరిపోదు, పాస్‌వర్డ్ మార్చాల్సిందే.

తప్పులను స్క్రీన్‌పై చూపే ‘డిస్‌ప్లే ఎర్రర్స్’ సెట్టింగ్ ఆఫ్ చేయండి. ఎర్రర్ మెసేజ్ ఫైళ్ల అడ్రస్ చెప్పేస్తుంది.

కోడ్‌ను సులభంగా చదవలేనట్టు మార్చే ఎన్‌కోడ్ టూల్స్ అంటారా, ఇవన్నీ అయ్యాక చూద్దాం.