తెలుగుదేశం, వైఎస్సార్‌సీపీ విధానాల తేడా: ఒక్క చార్టు మీద పట్టిక వేసే పద్ధతి

ఎన్నికలు దగ్గరపడితే రచ్చబండ మీద రెండే మాటలు వినిపిస్తాయి. ఒకరు "ఇద్దరూ ఒకటే" అంటారు. ఇంకొకరు "నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా" అంటారు. రెండు మాటలూ సగమే నిజం. కొన్ని అంశాల్లో ఈ పార్టీల మధ్య ఉన్నది అంకెల తేడా మాత్రమే. కొన్నింటిలో మాత్రం ఆలోచనే వేరు. ఏది ఏ రకమో విడదీయడానికే ఈ పట్టిక. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పొదుపు సంఘాల సమావేశాల్లో చర్చ పెట్టేవారికి, గ్రంథాలయంలో కూర్చుని గ్రూప్స్‌కు చదివేవారికి, మొదటిసారి ఓటు వేయబోయే పిల్లలకు చెప్పాలనుకునే పంతుళ్లకు ఇది పనికొస్తుంది.

కావలసినవి: ఒక తెల్ల చార్టు, స్కేలు, పెన్సిలు, నల్ల పెన్ను, రెండు పార్టీలవీ 2019, 2024 మేనిఫెస్టోలు. అంటే మొత్తం నాలుగు పత్రాలు. 2024లో తెలుగుదేశం పేరున దొరికేది కూటమి పత్రం. చంద్రబాబు, పవన్ కల్యాణ్ కలిసి ఏప్రిల్ 30న విడుదల చేశారు. కాబట్టి అందులోని ప్రతి హామీనీ తెలుగుదేశం ఒక్కదాని ఆలోచనగా రాసేయకండి. పసుపు, నీలం పెన్నులు వాడొద్దు. రంగు కనబడగానే చదివేవాడు పార్టీని చూస్తాడు, విషయాన్ని చూడడు.

చార్టును అడ్డంగా పెట్టి ఆరు నిలువు గడులు గీయండి: అంశం, తెలుగుదేశం చెప్పింది, అధికారంలో ఉండగా చేసింది, వైఎస్సార్‌సీపీ చెప్పింది, అధికారంలో ఉండగా చేసింది, ఆధారం. చెప్పిందీ చేసిందీ ఒకే గడిలో పడితే పట్టిక మొత్తం చెడుతుంది. ఒక పార్టీ మాటను ఇంకో పార్టీ చేతతో పోల్చే పొరపాటు అక్కడే మొదలవుతుంది. పింఛనుకు రెండు వేళ్ల ఎత్తు చాలు. రాజధానికి మాత్రం జానెడు వదలండి.

రెండు పార్టీల నియమావళిలోని తొలి పేజీ ఆదర్శాలను పట్టికలో ఎక్కించొద్దు. సామ్యవాదం, లౌకికవాదం, ప్రజాస్వామ్యం, దేశ సమగ్రత అన్న మాటలు రెండు చోట్లా ఉంటాయి. నమోదు కావాలంటే వాటికి కట్టుబడతామని రాసివ్వాలని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 29ఏ సెక్షన్ చెబుతుంది. చట్టం రాయించిన మాటల్లో తేడా దొరకదు.

పుట్టుక గురించి మాత్రం రెండేసి వాక్యాలు పైన రాసుకోండి. తెలుగుదేశం 1982 మార్చి 29న ఎన్టీఆర్ పెట్టిన పార్టీ. తెలుగువారి ఆత్మగౌరవం, రెండు రూపాయలకు కిలో బియ్యం, పటేల్ పట్వారీ, కరణం మునసబు వ్యవస్థల రద్దు, మండలాలు దాని తొలి గుర్తులు. 1995 నుంచి చంద్రబాబు చేతుల్లో దానికి ఐటీ, విద్యుత్ సంస్కరణలు, పెట్టుబడులు అనే ఇంకో ముఖం వచ్చింది. వైఎస్సార్‌సీపీ 2011 మార్చిలో జగన్మోహన్ రెడ్డి పెట్టినది. తండ్రి రాజశేఖర రెడ్డి కాలపు ఆరోగ్యశ్రీ, ఫీజు రీయింబర్స్‌మెంట్‌లను తన వారసత్వంగా చెప్పుకుంటుంది. రెండు పార్టీల వేళ్లూ సంక్షేమంలోనే ఉన్నాయని ఇక్కడే తెలిసిపోతుంది. కాబట్టి "ఒకటి సంక్షేమం, ఇంకొకటి అభివృద్ధి" అని గీత గీసి వదిలేయడం తప్పు.

ఇక మొదటి వరుస. రైతు సాయంతో మొదలుపెట్టండి. లెక్క సూటిగా ఉంటుంది, పైగా రెండు పథకాలూ మన దగ్గరే మొదలయ్యాయి. వైఎస్సార్‌సీపీ ప్రభుత్వపు రైతు భరోసాను 2019 అక్టోబరు 15న నెల్లూరు దగ్గర కాకుటూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఆవరణలో ప్రారంభించారు. కూటమి ప్రభుత్వపు అన్నదాత సుఖీభవను 2025 ఆగస్టు 2న దర్శి మండలం తూర్పు వీరాయపాలెంలో ప్రారంభించారు.

వైఎస్సార్‌సీపీ 2019లో చెప్పింది ఏడాదికి 12,500 చొప్పున నాలుగేళ్లు, అంటే 50,000. అమలులోకి వచ్చేసరికి అది ఏడాదికి 13,500 చొప్పున ఐదేళ్లు అయింది, అంటే 67,500. కానీ ఆ 13,500లో 6,000 కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్. రాష్ట్రం పెట్టింది 7,500. కూటమి చెప్పింది 20,000. అందులోనూ కేంద్రం 6,000 కలిసే ఉంది. రాష్ట్రం పెట్టాల్సింది 14,000. దర్శిలో విడుదల చేసిన తొలి విడత 7,000 కూడా ఇలాగే రాష్ట్రం 5,000, కేంద్రం 2,000. 2024 మేనిఫెస్టోలో వైఎస్సార్‌సీపీ 13,500ను 16,000 చేస్తామంది. కాబట్టి 2024 మాటకు 2024 మాట పెడితే తేడా ఏడాదికి 4,000.

చాలామంది ఒక పార్టీ అంకెలోంచి కేంద్రం వాటా తీసేసి, రెండో పార్టీ అంకెలో ఉంచేస్తారు. 20,000 పక్కన 7,500 పెడితే ఒకలా, 14,000 పక్కన 13,500 పెడితే ఇంకోలా కనిపిస్తుంది. రెండూ మోసపు లెక్కలే. ప్రతి మొత్తం కిందా చిన్న అక్షరాల్లో "రాష్ట్రం ఇంత, కేంద్రం ఇంత" అని విడగొట్టండి.

ఈ వరుసలో అసలు అడగాల్సిన ప్రశ్న కౌలుదారుడిది. పెన్నా డెల్టాలో వరి వేసేవారిలో, కందుకూరు వైపు పొగాకు వేసేవారిలో కౌలుకు చేసేవారు బోలెడంత మంది. పీఎం కిసాన్ భూమి పేరున ఉన్నవారికే వస్తుంది. రైతు భరోసాలో భూమి లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకు మొత్తం 13,500 రాష్ట్రమే ఇచ్చేది. ఓసీ కౌలుదారుకు చోటు లేదు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం 11 నెలల సాగుదారు కార్డు రావాలంటే భూయజమాని ఒప్పుకుని సంతకం చేయాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయపడతాడు, కార్డు రాదు, డబ్బూ రాదు. కాబట్టి "ఎంత" పక్కన "ఎవరికి, ఏ కాగితం ఉంటే" అన్న మాట తప్పనిసరిగా రాయండి.

తల్లుల ఖాతాలో వేసే డబ్బుదీ ఇదే దారి. వైఎస్సార్‌సీపీ అమ్మ ఒడి తల్లికి ఒకటి, 15,000. కూటమి తల్లికి వందనం బిడ్డకొకటి, 15,000. బడి నిర్వహణ కింద తీసేసేది పోను చేతికొచ్చేది 13,000. ఇద్దరు పిల్లలుంటే మొదటి లెక్కన 13,000, రెండో లెక్కన 26,000. అమ్మ ఒడిలో ఈ కోత మొదట వెయ్యి, తర్వాత రెండు వేలు అయింది, అందుకే ఏడాది కూడా వేయండి. పింఛనులో కూటమి ఒకేసారి 4,000 అంది. 2024 జులై 1న మూడు నెలల బకాయి 3,000 కలిపి 7,000 ఇచ్చింది. వైఎస్సార్‌సీపీ తన 3,000ను 2028, 2029 జనవరుల్లో 250 చొప్పున పెంచి 3,500 చేస్తామంది. ఇవన్నీ కొలత తేడాలు. ఈ వరుసల చివర "కొ" అని పెన్సిలుతో గుర్తు పెట్టండి.

ఆలోచన తేడా ఉన్న వరుసలకు "ఆ" గుర్తు. పడమటి ప్రాంతం వారికి ఇందులో అన్నిటికన్నా దగ్గరిది మార్కాపురం వైద్య కళాశాల. జగన్ ప్రభుత్వం 17 కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలలు తలపెట్టింది, అందులో ఇదొకటి. కూటమి ప్రభుత్వం పది కళాశాలలను ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో కట్టించాలని నిర్ణయించి, తొలి విడతలో ఆదోని, మదనపల్లె, పులివెందులతో పాటు మార్కాపురాన్ని పెట్టింది. ప్రైవేటు వారి పెట్టుబడితో పని త్వరగా పూర్తవుతుందని తెలుగుదేశం వాదన. ప్రజల ఆస్తి ప్రైవేటు చేతికి పోతుందని వైఎస్సార్‌సీపీ వాదన. వాదనలు రాశాక సీట్ల లెక్క కూడా వేయండి. 2023 నాటి జీవోలు 107, 108 ప్రకారం కొత్త ప్రభుత్వ కళాశాలల్లోనే సగం సీట్లు ఏడాదికి 15,000 ఫీజుతో, 35 శాతం 12 లక్షలతో, 15 శాతం ఎన్ఆర్ఐ కోటా కింద 20 లక్షలతో ఉన్నాయి. ఆ జీవోలను రద్దు చేస్తామని తెలుగుదేశం అప్పట్లో అంది. ఈ అంకెలు లేకుండా "ప్రభుత్వం", "ప్రైవేటు" అనే మాటలు మాత్రమే రాస్తే ఆ గడి అసంపూర్తిగా ఉన్నట్టే.

రాజధాని గడిలో తేదీలు వరుసగా పడాలి. తెలుగుదేశం మాట ఒకటే: అమరావతి. వైఎస్సార్‌సీపీ ప్రభుత్వం 2020లో వికేంద్రీకరణ చట్టం తెచ్చి పాలనకు విశాఖ, శాసనసభకు అమరావతి, న్యాయానికి కర్నూలు అంది. 2021 నవంబరులో ఆ చట్టాన్ని వెనక్కి తీసుకుంది. 2022 మార్చి 3న హైకోర్టు అమరావతి రైతుల పక్షాన తీర్పు ఇచ్చింది. దీని వెనకున్న ఆలోచనలు ఇవి: ఒక పెద్ద నగరం కడితే దాని సంపద రాష్ట్రానికంతా పారుతుందని ఒక నమ్మకం. హైదరాబాదు మాదిరి అంతా ఒక్కచోట పోస్తే మళ్లీ నష్టపోతామని ఇంకో నమ్మకం.

ఊరి స్థాయి పాలన కూడా ఆలోచన తేడాయే. ఊరికొక సచివాలయం, 50 ఇళ్లకొక వాలంటీరు, రైతు భరోసా కేంద్రం అనేది వైఎస్సార్‌సీపీ ముద్ర. ప్రభుత్వాన్నీ ప్రైవేటునూ ప్రజలనూ కలిపే పీ4, టెక్నాలజీ, పెట్టుబడి అనేవి తెలుగుదేశం ముద్ర. అయితే వాలంటీర్లకు గౌరవ వేతనం 5,000 నుంచి 10,000 చేస్తామని 2024లో కూటమే చెప్పిందన్నది మరచిపోకుండా "చెప్పింది" గడిలో రాయండి.

మద్యం వరుస లేకుండా నెల్లూరు జిల్లాలో ఈ చార్టు పెట్టడం భావ్యం కాదు. సారా మీద ఆడవాళ్లు తిరగబడ్డ దూబగుంట మన జిల్లాలోనిదే. ఎన్టీఆర్ 1994 గెలుపు తర్వాత సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు. 1997లో చంద్రబాబు ప్రభుత్వం ఎత్తేసింది. జగన్ 2019లో దశలవారీ నిషేధం అన్నారు. దుకాణాలను ప్రభుత్వమే నడిపింది గానీ నిషేధం రాలేదు. 2024 అక్టోబరులో కూటమి మళ్లీ ప్రైవేటు దుకాణాలు తెరిచింది. క్వార్టరు 99 రూపాయలకు అందుబాటులోకి తెచ్చింది. రెండు పార్టీల గడుల్లోనూ మాట ఒకటీ చేత ఒకటీ అయిన వరుస ఇది. మెత్తగా రాయాల్సిన పని లేదు.

పట్టికలోకి రానివ్వకూడని వరుసలూ కొన్ని ఉన్నాయి. రామాయపట్నం ఓడరేవుకు 2019 జనవరిలో చంద్రబాబు, 2022 జులైలో జగన్ శంకుస్థాపన చేశారు. వెలిగొండకు 1996లో చంద్రబాబు పునాది వేశారు, రాజశేఖర రెడ్డి కాలంలో పనులు ఊపందుకున్నాయి, 2024 మార్చిలో జగన్ జంట సొరంగాలను ప్రారంభించారు. సొరంగం పూర్తయిందంటే నీళ్లు వచ్చినట్టు కాదు, కాలువలూ నిర్వాసితుల పరిహారమూ అవ్వాలి. ఇక్కడ రెండు పార్టీలకూ ప్రాజెక్టు కావాలి. ఉన్నది పేరు పోటీ. దీన్ని విధాన భేదంగా రాస్తే చర్చ శిలాఫలకాల మీదికి పోయి ఆ పూట అక్కడే ఆగిపోతుంది.

ఢిల్లీ సంగతికి ఒకే వరుస చాలు. 2019లో 370 అధికరణ విషయంలో రెండు పార్టీలూ కేంద్రం పక్షాన నిలిచాయి. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ బిల్లుకు తెలుగుదేశం మద్దతిచ్చింది, వైఎస్సార్‌సీపీ వ్యతిరేకించింది. పొత్తులో ఉన్నారా లేదా అన్నది రాయకండి, పార్లమెంటులో ఏ పక్షాన నిలిచారో రాయండి.

ఆధారం గడిలో పత్రిక పేరు ఒక్కటే రాస్తే ఒప్పుకోవద్దు. హామీకి మేనిఫెస్టో పేజీ, అమలుకు జీవో నంబరు, డబ్బుకు బడ్జెట్ పత్రం ఉండాలి. 2021 ఆగస్టులో ప్రభుత్వం జీవోలను వెబ్‌సైటులో పెట్టడం ఆపేసింది. 2024లో మళ్లీ మొదలైంది. ఆ మధ్య కాలపు జీవో దొరక్కపోతే గెజిట్‌లో వెతకండి. అక్కడా లేకపోతే ఆ గడిని ఖాళీగా ఉంచండి.

చార్టు పూర్తయ్యాక గోడకు అంటించే ముందు రెండు పార్టీల కార్యకర్తలను ఒక్కొక్కరిని విడివిడిగా పిలిచి చూపించండి. "తప్పనిపించిన చోట గీత పెట్టు, కాగితం చూపించు" అనండి. కాగితం చూపిస్తే దిద్దండి, చూపించకపోతే ఉంచండి. ఇద్దరూ గీత పెట్టిన గడిలో సాధారణంగా "భారీగా", "చరిత్రలో లేని విధంగా" లాంటి మాటేదో ఇరుక్కుని ఉంటుంది. దాన్ని కొట్టేసి అంకె రాయండి. ఏటా బడ్జెట్ వచ్చిన వారంలో "చేసింది" గడులు మళ్లీ చూసుకోండి. పాత అంకెను చెరిపేయకుండా ఒక్క గీతతో కొట్టి, పక్కన కొత్తది తేదీతో వేయండి.