పెద్దల షుగర్ క్లినిక్‌కి మారేముందు జాగ్రత్తలు

టైప్ 1 షుగర్ (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని రకం) ఉండి పెద్దవాళ్లవుతుంటే, పిల్లల డాక్టరు దగ్గర చివరి విజిట్ అవ్వకముందే పెద్దల క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఈలోపు నెలకు సరిపడా ఇన్సులిన్, స్ట్రిప్పులు ఇంట్లో ఉండాలి.

ఫైల్లో టైప్ 1 అని రాసిన కాగితం అన్నిటికంటే పైన పెట్టండి. టైప్ 1 అని తేల్చడానికి చేసే సీ-పెప్టైడ్, గ్యాడ్ యాంటీబాడీ రక్తపరీక్షల రిపోర్టులుంటే దాని కిందే. పెద్దల ఓపీలో ఎక్కువమంది టైప్ 2 వాళ్లే కాబట్టి, హడావుడిలో ఇన్సులిన్ బదులు మాత్రలు రాసేసే ప్రమాదం ఉంది. టైప్ 1లో ఇన్సులిన్ ఆపితే కీటోఅసిడోసిస్ (రక్తంలో ఆమ్లాలు పేరుకుపోయే ప్రాణాపాయ స్థితి) వస్తుంది.

మీకంటే ముందే మారిన తోటి టైప్ 1 వాళ్లెవరైనా ఉంటే వెంట తీసుకెళ్లండి. అమ్మానాన్నల ముందు అడగలేని మద్యం, సిగరెట్, పెళ్లి సంగతులు దారిలో వాళ్లనే అడగొచ్చు. డోసు మాత్రం వాళ్లది చూసి మార్చుకోవద్దు.

ఆ తోటివాళ్లు తమ ఇన్సులిన్ మీకు అప్పుగా ఇస్తే, సీసా మీది అంకె (మిల్లీలీటరుకు ఎన్ని యూనిట్లో) చదవండి. 40కి ఎర్రమూత సిరంజి, 100కి నారింజ మూత. 100 సీసాలోంచి ఎర్రమూత సిరంజితో 10 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 25 యూనిట్లు! లో షుగర్ ఖాయం.

క్యూ ఎలాగూ పొడుగే. జేబులో 15 గ్రాముల గ్లూకోజ్ పెట్టుకోండి. షుగర్ 70 కంటే తగ్గితే తీసుకుని, 15 నిమిషాలకి మళ్లీ చూసుకోండి.